తెలిసిన ప్రమాదం

ప్రమాదమనే మాటను మనం చాలా ఉదారంగా వాడుతున్నాము. తెలియనిది ముంచుకొస్తే అది ప్రమాదం. ముందే తెలిసినది జరిగితే దాన్ని యేమనాలి?

గాలికంటే బరువైన వాయువుల నడకను శాస్త్రజ్ఞులు చాలాకాలంగా పరీక్షిస్తున్నారు. విండ్ టన్నెల్ అనే గాలిసొరంగంలో కర్మాగారాన్నీ, ఇళ్లనూ చిన్న నమూనాగా పేర్చి వాయువును వదులుతారు. నమూనా నూరోవంతు అయితే గాలి వేగాన్ని పదోవంతుకు తగ్గిస్తారు. అప్పుడే వాయువు బరువుకూ గాలి తోపుకూ ఉన్న అసలు నిష్పత్తి నిలుస్తుంది. తేలినదేమిటంటే, ఆ వాయువు పొగలాగా పైకి లేవదు. నీటిలాగా నేలబారున పరచుకొని పల్లానికి పోతుంది. గాలి నెమ్మదించిన రాత్రివేళ తొందరగా చెదరదు. 1982–84లో ఇంగ్లండులోని థార్నీ ద్వీపంలో ఆరుబయట జరిపిన పరీక్షలు కూడా వాయువు నేలబారునే పరచుకోవడాన్ని చూపాయి.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ ట్యాంకునుండి స్టైరీన్ ఆవిరి వెలువడింది. స్టైరీన్ అణుభారం 104. గాలిది సగటున 29. ఆవిరి ప్రహరీ దాటి నిద్రిస్తున్న ఊరిని కమ్మింది. 12 మంది మరణించారు. కర్మాగారంలో సైరను ఉండికూడా మోగించలేదని ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి సంఘం తేల్చింది.

విషవాయువుకు వర్గభేదం లేదంటారు కొందరు. వాయువుకు లేదు, నిజమే. నేలకు ఉంది. కర్మాగారం గోడపక్క చవక స్థలంలో యెవరు కాపురముంటారు? చాప పరచుకొని నేలమీద యెవరు పడుకుంటారు? బరువైన వాయువు వెతుక్కుంటూ పోయేది ఆ యెత్తునే గదా!

మనకు లెక్క కట్టగల మేధకు కొరత లేదు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి హైదరాబాదు హైటెక్ సిటీ ప్రపంచానికంతా లెక్కలు చేసి పెడుతూనే ఉంది. వాయువు యే వీధికి యెన్ని నిమిషాలలో చేరుతుందో మాదాపూరులోని వొక కంప్యూటరు చెప్పగలదు. ఆ సంగతి ఆ వీధివారికి యెవరు చెబుతారన్నదే ప్రశ్న. చుట్టుపక్కల ప్రజలకు ముప్పును తెలియజేయాలని 1989నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనలే చెబుతున్నవి. యాజమాన్యం బీరువాలో ఉన్నంతకాలం ఆ లెక్క ఆస్తి మాత్రమే.

ఇక్కడ రసాయనశాస్త్రం బోధించేవాడూ, లెక్క కట్టే ఇంజనీరూ తటస్థంగా నిలువలేరు. ఆ పటం తెలుగులో, ఊరి నడుమ గోడమీద వుండాలని కోరడం వారి కనీస ధర్మం.