తడవని చేయి: నారదుని స్త్రీత్వం, స్మృతి, బాధ్యత

తునిలో పెళ్లయిన దంపతులు అన్నవరం కొండమీద సత్యనారాయణ వ్రతానికి కూర్చున్నప్పుడు పురోహితుడు ముందుగా సంకల్పం చెప్పిస్తాడు. దేశాన్ని, కాలాన్ని, గోత్రనామాలను వరుసగా పేర్కొనే ఆ వాక్యంలో ఆ ఏటి పేరు తప్పక వస్తుంది. వ్రతం చేసేవారికి అది తేదీ వంటిది. అదే రైలుమార్గంలో అన్నవరం దాటి, పిఠాపురం దాటి, సామర్లకోట దగ్గర కాకినాడ వైపు మళ్లితే సర్పవరం వస్తుంది. అక్కడి కథలో ఆ పేరు ఒక కొడుకు పేరు. ప్రభవ మొదలు అక్షయ వరకు అరవై మందినీ కన్న తల్లి నారదుడు.

సర్పవరం భావనారాయణస్వామి క్షేత్రానికి చెప్పే స్థలపురాణం స్థూలంగా ఇది. విష్ణుమాయ తనను అంటదని నారదునికి గర్వం కలిగింది. భూలోక సంచారంలో సర్పవరం చేరి అక్కడి కొలనులో స్నానానికి దిగాడు. నీటినుంచి స్త్రీ పైకి వచ్చింది. తానెవరో ఆమెకు గుర్తులేదు. పిఠాపురాన్ని ఏలే రాజు ఆమెను చూచి పెండ్లాడాడు. అరవై మంది కొడుకులు పుట్టారు. శత్రువులతో జరిగిన యుద్ధంలో భర్త, కొడుకులు అందరూ మరణించారు. దుఃఖంలో ఉన్న ఆమె దగ్గరకు విష్ణువు వృద్ధబ్రాహ్మణుడై వచ్చి కొలనులో మునగమన్నాడు. పూర్వరూపం, పూర్వస్మృతి తిరిగి వచ్చాయి. చనిపోయిన కొడుకుల పేర్లు సంవత్సరాల పేర్లుగా నిలిచేలా వరం లభించింది. నారదుడు స్త్రీ అయిన కొలను నారదగుండంగా, పురుషత్వం పూర్తిగా దక్కిన కొలను ముక్తిగుండంగా ప్రసిద్ధి పొందాయి.

‘పూర్తిగా’ అనడానికి కారణం ఉంది. స్థానికంగా చెప్పుకొనే ఒక కథనంలో వృద్ధుడు ఒక నియమం పెడతాడు. ఒక చేయి తడవకుండా పైకెత్తి మునగాలి. అలా మునిగిన నారదునికి దేహమంతా పురుషదేహమయింది గాని, ఎత్తి పట్టిన ఆ చేయి గాజులతో ఆడచేయిగానే ఉండిపోయింది. ముక్తిగుండంలో మునిగిన తరువాతనే అదీ మారింది. భర్తను పోగొట్టుకొన్న ఆమె చేతికి గాజులెలా మిగిలాయని కథ చెప్పేవారు ఆగి అడగరు. కథకు ఆ గాజులు కావాలి. లేకపోతే ఆ చేయి ఎవరిదో తెలియదు.

ఈ కథను సాధారణంగా మాయకు దృష్టాంతంగా వ్యాఖ్యానిస్తారు. సంసారం కల వంటిది. మేల్కొన్నవానికి కలలోని బిడ్డలపై మమకారం ఉండదు. నారదుని గర్వం అణగింది. ఈ వ్యాఖ్యానం తప్పని అనలేం, పురాణం తానే అలా చెబుతుంది. కాని అందులో ఒక నైతికమైన వెలితి ఉంది. ఒక మునికి పాఠం చెప్పడానికి ఒక రాజు, అరవై మంది యువకులు బ్రతికి చచ్చారు. ఆ పాఠం వారికి చెందదు. వారి దృష్టిలో ఆమె తల్లి, ఆమె భార్య. రూపం మారిన వ్యక్తి, ఆ మారిన రూపంలో ఏర్పడిన బంధాలకు ఎంతవరకు కట్టుబడి ఉండాలి? తిరిగి పూర్వరూపం పొందినంత మాత్రాన మధ్యకాలంలోని ఋణాలు చెల్లినట్టేనా? లింగపరివర్తన కథలను దేహం గురించిన వింతలుగా చదివినంతకాలం ఈ ప్రశ్న మరుగున పడుతుంది.

కథ చారిత్రకతను గురించి ఇక్కడే ఒక మాట చెప్పుకోవాలి. సంవత్సరనామాలు ఈ కథకంటే పాతవి. బృహస్పతి ఆకాశంలో ఒక చుట్టు తిరగడానికి సుమారు పన్నెండేళ్లు పడుతుంది. అటువంటి అయిదు చుట్లు అరవై. ఆరవ శతాబ్దపు వరాహమిహిరుని బృహత్సంహితలో ఈ పేర్లు బార్హస్పత్య సంవత్సరాలుగానే కనిపిస్తాయి. దుర్ముఖి, దుర్మతి, రాక్షస, క్రోధన అని ఏ తల్లీ బిడ్డలకు పేర్లు పెట్టుకోదు. ముందే ఉన్న జాబితాకు కథ తరువాత వచ్చి అతుక్కొన్నదనడానికి ఈ పేర్లే సాక్ష్యం. అయితే అతుక్కొన్న తీరే ఆలోచించదగినది. కాలచక్రానికి పుట్టుక చెప్పవలసి వచ్చినప్పుడు ఈ నేలమీది కథకులు ఒక దేవతను గాని, ఒక ఋషిపత్నిని గాని తల్లిగా ఎంచుకోలేదు. కొద్దికాలమే స్త్రీగా ఉన్న ఒకరిని ఎంచుకొన్నారు.

తమిళదేశంలో ప్రచారంలో ఉన్న రూపంలో భర్త రాజు కాదు, కృష్ణుడే. అక్కడ ఈ కథ రాజకీయ వివాదంలోకి కూడా వచ్చింది. 2008లో తమిళనాడు ప్రభుత్వం సంవత్సరాదిని తై నెలకు మార్చింది. 2011లో మళ్లీ చిత్తిరైకి తెచ్చారు. ఆ వాదవివాదాల్లో, ఇద్దరు మగవాళ్లకు పుట్టిన పిల్లల పేర్లు ఏళ్లకెందుకన్న ఎత్తిపొడుపు తరచుగా వినిపించింది. సంవత్సరనామాలు సంస్కృతపదాలన్న అభ్యంతరం వేరు, దానికి దాని బలం ఉంది. ఈ ఎత్తిపొడుపు మాత్రం ఒక పొరపాటుపై నిలిచింది. కథలో కన్నది మగవాడు కాదు, స్త్రీ. ఆమెను ‘నిజానికి’ మగవాడనడం కథను తిరస్కరించడం కాదు, కథలోని మాయావాదాన్ని తెలియకుండానే ఒప్పుకోవడం. సంప్రదాయ వ్యాఖ్యాత, సంప్రదాయ విరోధి ఇక్కడ ఒకే గట్టున నిలబడతారు. ఇద్దరికీ ఆ స్త్రీ లేదు.

దేవీభాగవతం ఆరవ స్కంధంలో ఇదే కథ మరింత విపులంగా ఉంది. అక్కడి రాజు తాళధ్వజుడు, కొడుకులు ఇరవై మంది. విశేషమేమంటే ఆ కథను వ్యాసునికి చెబుతున్నది నారదుడే. గర్భం ధరించడం, బిడ్డల జబ్బులు, పెళ్లిళ్లు, కోడళ్ల తగవులు, మనుమల ముద్దు, అన్నీ తన అనుభవాలుగా చెప్పుకొస్తాడు. మాయ అని తేల్చివేసిన బ్రతుకును ఇంత ఓపికగా గుర్తుపెట్టుకోవలసిన పనేమిటి? కొడుకులు యుద్ధంలో కూలిన తరువాత వృద్ధుడు చెప్పినట్టు ఆమె తీర్థంలోకి దిగుతుంది. దిగిన తల్లి పైకి రాలేదు, వచ్చినవాడు నారదుడు. గట్టుమీద తాళధ్వజుడు భార్య ఏదని వెతికి విలపిస్తాడు. విష్ణువు అతనికి సంయోగవియోగాల అనిత్యతను బోధించి ఓదారుస్తాడు. తాళధ్వజునికి దక్కింది తత్త్వం. తన భార్యే ఎదుట ఉన్న ఈ మునియని తెలిసిన నారదుడు అతనితో రెండు మాటలు మాట్లాడి ఉండవలసింది కాదా అన్న ప్రశ్నను పురాణం ఎత్తుకోదు.

స్మృతిని బట్టి బాధ్యతను నిర్ణయించాలన్న వాదం పాశ్చాత్యుల్లో జాన్ లాక్‌ది. దేహం ఏదైనా, చేసినది తానేనన్న ఎరుక ఎంతమేరకు సాగుతుందో అంతమేరకే వ్యక్తి జవాబుదారి అంటాడతడు. ఈ కొలతకు వాల్మీకి రామాయణం ఉత్తరకాండలోని ఇలుని కథ సరిగ్గా సరిపోతుంది. ఇలుడు ఒక నెల పురుషుడు, ఒక నెల స్త్రీ. ఒక నెలలో జరిగింది మరొక నెలలో జ్ఞాపకం ఉండదు. బుధుడు ఆ స్త్రీని ప్రేమిస్తాడు. నెల తిరిగి పురుషుడై లేచిన ఇలుడు తన పరివారం ఏమయిందని అడిగితే, రాళ్లవానలో చనిపోయారని అబద్ధం చెబుతాడు. మరపువల్ల ఇలునికి బాధ్యత లేకపోవచ్చు. తెలిసినవాడు ఆ మరపును వాడుకోవడం మాత్రం ఈ కథలో ఎవరూ ఎక్కువగా పట్టించుకోని అపరాధం. భాగవతం నవమస్కంధంలో, పోతన తెలుగులో కూడా, ఇతడే సుద్యుమ్నుడు. తండ్రిగా కొందరిని, తల్లిగా పురూరవుని పొందినవాడు. చంద్రవంశమంతా, కౌరవపాండవులతో సహా, ఆ తల్లితనంనుంచి దిగివచ్చిందే. నెల విడిచి నెల మరుగున ఉండే రాజును ప్రజలు మెచ్చలేదని భాగవతం చెబుతుంది. వంశానికి పనికివచ్చిన స్త్రీత్వం సింహాసనానికి పనికిరాలేదు.

నారదుడు ఇలుని వంటివాడు కాడు. స్త్రీగా ఉన్నప్పుడు మునిత్వం మరచినా, ముని అయ్యాక స్త్రీత్వం మరువలేదు. కనుక లాక్ కొలత ప్రకారం చూచినా అతడు ఆ అరవై మందికి జవాబు చెప్పవలసినవాడే.

రెండువైపులా స్మృతి ఉన్న కథ మహాభారతం ఆనుశాసనికపర్వంలోని భంగాస్వనునిది. నూర్గురు కొడుకులున్న ఆ రాజు ఇంద్రుని కోపం వల్ల దారితప్పి, ఒక సరస్సులో మునిగి స్త్రీ అయ్యాడు. ఇంటికి వచ్చి జరిగింది దాచకుండా చెప్పి, రాజ్యం కొడుకులకు అప్పగించి వెళ్లిపోయాడు. ఆశ్రమంలో ఒక తాపసుని వలన ఆమెకు మరో నూర్గురు పుట్టారు. ఆమె వారిని కూడా రాజధానికి తీసుకువచ్చి, అన్నదమ్ములు కలిసి ఏలుకోమంది. ఇంద్రుడు పెట్టిన చిచ్చుతో ఇరువురూ కొట్టుకొని చచ్చారు. ప్రసన్నుడైన ఇంద్రుడు ఏ నూర్గురిని బ్రతికించాలని అడిగితే, స్త్రీగా కన్నవారిని అంది. తల్లి మమత అధికమని కారణం చెప్పింది. ఇంద్రుడు మెచ్చి అందరినీ బ్రతికించి, పురుషత్వం ఇస్తానంటే వద్దంది. స్త్రీకి సుఖం అధికమన్న ఆమె మాటనే పండితులు ఎక్కువగా ఉదాహరిస్తారు. గ్రీకుల టైరీషియస్ కథతో పోల్చి ముగిస్తారు. అసలు గొప్పతనం ఆ మాటలో కన్న ఆమె నడతలో ఉంది. రెండు జీవితాల బిడ్డలనూ ఒకే పంక్తిలో కూర్చోబెట్టాలని ప్రయత్నించిన పాత్ర, ఈ కథలన్నిటిలో ఆమె ఒక్కతే.

ఈ కథను ధర్మరాజుకు చెప్పింది భీష్ముడు. ఈ సంగతిపై కొంత నిలవాలి. అంబ శిఖండినిగా ద్రుపదుని ఇంట పుట్టి, మగపిల్లవాడుగా పెరిగి, దశార్ణరాజు హిరణ్యవర్మ కూతురిని పెండ్లాడి, నిజం బయటపడితే అడవికి వెళ్లి, స్థూణుడనే యక్షునినుంచి పురుషత్వం ఎరువు తెచ్చుకొన్న కథను ఉద్యోగపర్వంలో వివరించిందీ భీష్ముడే. హిరణ్యవర్మ పరీక్షకు స్త్రీలను పంపాడు. వారు చూచి పురుషుడేనన్నారు. మామ ఒప్పుకొన్నాడు. భీష్ముడు ఒప్పుకోలేదు. ముందు స్త్రీ అయినవానిపై బాణం వేయననే నియమం పెట్టుకొన్నాడు, ఆ నియమం వల్లనే పడిపోయాడు. అటువంటివాడు అంపశయ్యపైనుంచి భంగాస్వనుని కథ చెబుతూ, పూర్వం పురుషుడైన ఆమెను స్త్రీగానే సంబోధిస్తూ, ఆమె ఎంపికను ఒక్కమాటైనా తప్పుపట్టక ముగిస్తాడు. ఇది భీష్ముని మనసు మారినందుకు గుర్తని నిరూపించలేం. వేర్వేరు కాలాల ఉపాఖ్యానాలు ఒక నోట చేరి ఉండవచ్చు. కాని ఉన్న గ్రంథాన్ని ఉన్నట్టుగా చదివే పాఠకునికి ఆ రెండు కథల మధ్య శిఖండి నిలిచిన పదవనాటి యుద్ధం ఉంది.

ఇక్కడ స్థూణుని కూడా తలచుకోవాలి. జాలిపడి ఎరువిచ్చినందుకు కుబేరుని శాపం తగిలి, శిఖండి బ్రతికినంతకాలం స్త్రీగా ఉండిపోయినవాడు అతడు. అతని గురించి వ్యాసాలు రావు.

ఈనాటి చర్చలో ఈ పాత్రలను సాక్షులుగా పిలవడం మామూలయింది. మన పురాణాలు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను ఆదరించాయనే మాట వేదికలమీద తేలికగా వస్తుంది. ఆదరణ ఎంతో, ఎవరికో కథలే చెబుతున్నాయి. నారదుడు తిరిగి మగవాడయ్యాడు, ఇలుడు అశ్వమేధంతో మగవాడయ్యాడు. స్త్రీగా మిగిలిన భంగాస్వనుడు రాజ్యంలో ఉండలేదు. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా తీర్పులో వ్యక్తి తన లింగాన్ని తానే నిర్ణయించుకోవచ్చని, శస్త్రచికిత్సను షరతుగా పెట్టరాదని చెప్పింది. హిరణ్యవర్మ పరీక్షకు అది జవాబు. 2019 చట్టం పురుషుడనో స్త్రీయనో ధ్రువపత్రం కోరేవారిని మళ్లీ వైద్యుని కాగితం దగ్గరకు పంపింది. పురాణం పేరు చెప్పి ఏ వైపు వాదించినా ఈ దూరం దాటదు. ఇక హాస్యంలో, అప్పటి పశ్చిమగోదావరి కోరుమామిడిలో పుట్టిన ఇ.వి.వి. సత్యనారాయణ తీసిన ‘జంబలకిడి పంబ’ దేహాల జోలికి పోకుండా ఆడమగల పనులను, వరసలను తారుమారు చేసింది. నవ్వు వచ్చేది మగవాడు ఆడపని చేసినందుకా, ఆ పని అంత బరువైనదని తెలిసినందుకా అన్నది చూసేవారిని బట్టి ఉంటుంది.

సర్పవరం కథకు తిరిగి వస్తే, ఆ తడవని చేయి ఎందుకు? మాయ ముగిసిందని చెప్పడమే కథ ఉద్దేశమైతే ఒక్క మునకతో అంతా సరిపోయేది. రెండవ కొలను అవసరం లేదు. రెండు మునకల మధ్య కొంతసేపు ఒకే దేహంలో ముని, తల్లి కలిసి ఉన్నారు. జ్ఞాపకం మనసులోనే ఉంటే మాయ అని తోసివేయవచ్చు. గాజులు వేసుకొన్న చేయిని చూస్తూ తోసివేయడం కష్టం. స్థలపురాణ రూపంలో నారదుడు ముక్తి కోరుతూనే కొడుకుల పేర్లు నిలవాలని కూడా కోరడం ఆ చేతి పని అనిపిస్తుంది. సన్న్యాసి కోరేది కాదు అది. దేవీభాగవతంలోని ఇరవై మందికి అటువంటి తల్లి దొరకలేదు.

ప్రభవ 1987లో వచ్చింది, 2047లో మళ్లీ వస్తుంది. షష్టిపూర్తి చేసుకొనేవారికి తాము పుట్టిన ఏటి పేరు రెండవసారి ఎదురవుతుంది. యుద్ధంలో చనిపోయిన అరవై మంది ఉగాదికొకరు చొప్పున తెలుగువారి పంచాంగశ్రవణంలోకి తిరిగివస్తారు. ఆ ఏటి రాజెవరో, మంత్రి ఎవరో, సస్యాధిపతి ఎవరో సిద్ధాంతి చదివి వినిపిస్తాడు. తల్లి పేరు చదవడు. స్థలపురాణం ఆమెకు పేరు పెట్టలేదు.