సాక్షి సంతకం

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున మా ఇంటికి ఒక కుర్రాడు వచ్చాడు. ఒక చేతిలో కాజాల పెట్టె, రెండో చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరు. మెల్‌బోర్న్‌కి పడమటి వైపున, టార్నీట్‌లో మాకు రెండు వీధుల అవతల ఉంటాడు. వాళ్ళ పెద్దన్నయ్యా నేనూ గుంటూరులో ఇంటర్ కలిసి చదివాం. ఆ వరసన నేను వాడికి అన్నయ్యని, మా ఆవిడ వదిన.

ఫిబ్రవరిలో విజయవాడలో వాడి పెళ్ళయింది. సెలవు దొరికి మేమిద్దరం వెళ్ళాం, అక్షింతలు వేసి భోంచేసి వచ్చాం. ఇప్పుడు భార్యను తెచ్చుకోవడానికి 309 వీసాకి దరఖాస్తు పెడుతున్నాడు. ఆ దరఖాస్తుకి, వాళ్ళను ఎరిగిన ఇక్కడివాళ్ళు ఫారం 888 మీద సాక్ష్యం రాసివ్వాలి. ఈ జంటను ఎప్పటినుంచి ఎరుగుదురు, ఎంత తరచుగా కలుస్తుంటారు, వీళ్ళ బంధం నిజమైనదీ కొనసాగుతున్నదీ అని మీరు నమ్ముతున్నారా, నమ్మితే ఎందుకు - ఇవీ ప్రశ్నలు.

"అంతా నేనే టైపు చేసి తెచ్చానన్నయ్యా. మీరు సంతకం పెడితే చాలు" అన్నాడు.

రెండు రోజులు టైమిమ్మన్నాను. వాడి మొహం చిన్నబోయింది. వాడు వెళ్ళాక మా ఆవిడ "ఒక్క సంతకానికి ఇంత ఆలోచనేమిటి?" అని అడగలేదు. ఎందుకు ఆలోచిస్తున్నానో ఆవిడకు తెలుసు.

ముందు ఈ చట్టం అడిగేదేమిటో చెబుతాను. 1958 నాటి ఆస్ట్రేలియా మైగ్రేషన్ చట్టంలో భార్యాభర్తలంటే ఎవరో నిర్వచనం ఉంది. పెళ్ళి చట్టప్రకారం చెల్లాలి. ఇతరులెవరికీ చోటు లేకుండా కలిసి బతకాలన్న నిశ్చయం ఇద్దరికీ ఉండాలి. బంధం నిజమైనదై, కొనసాగుతూ ఉండాలి. కలిసి ఉండాలి, లేదా శాశ్వతంగా విడిపోయి ఉండకూడదు. ఇవన్నీ తేల్చడానికి అధికారులు నాలుగు వైపులనుంచి చూడాలని నిబంధన: డబ్బు వ్యవహారాలు, ఇంటి నిర్వహణ, నలుగురిలో మెలిగే తీరు, ఒకరిపట్ల ఒకరికున్న నిబద్ధత. సాధారణంగా ముందు తాత్కాలిక వీసా వస్తుంది. దరఖాస్తు పెట్టిన రెండేళ్ళకి, బంధం ఇంకా నిలిచి ఉందని చూపిస్తే శాశ్వత వీసా. ఫీజు 2025 జూలైలో 9,365 డాలర్లకు చేరింది.

ఈ నాలుగు గడుల్లో మా అమ్మమ్మనీ తాతయ్యనీ పెట్టి చూశానొకసారి. అరవైయొక్క ఏళ్ళ కాపురం. జాయింటు ఎకౌంటు లేదు, అమ్మమ్మ బ్యాంకు గుమ్మం తొక్కలేదు. ఇద్దరూ కలిసి దిగిన ఫొటో ఒక్కటే ఉంది, అందులోనూ మధ్యలో మా మేనమామ నిలబడ్డాడు. ఆయన పేరు ఆవిడ నోట ఎన్నడూ రాలేదు. నలుగురిలో పక్కపక్కన కూర్చోవడం వాళ్ళ దృష్టిలో మర్యాద కాదు. తాతయ్య పోయాక ఏడాదిపాటు ఆవిడ మధ్యాహ్నం రెండు దాటితే గానీ అన్నం తినలేదు. ఆయన పొలంనుంచి వచ్చే వేళ అది. ఈ సంగతి ఏ గడిలో రాయాలి?

మా సంగతీ అంతే. మాది తెనాలి సంబంధం. పెళ్ళిచూపుల్లో అరగంట, పధ్నాలుగు మంది సమక్షంలో. 2007లో పెళ్ళి చేసుకుని, పది రోజులకే నేను ఉద్యోగానికి తిరిగొచ్చేశాను. "మీ బంధం ఎలా మొదలై, ఎలా ఎదిగింది?" అన్న ప్రశ్న దగ్గర ఇద్దరం ఆగిపోయాం. మొదలైంది మా మేనత్త నోట. ఎదిగింది పది డాలర్ల కాలింగ్ కార్డుల మీద. ఆ కార్డులకు బిల్లుండదు. గంటలు గంటలు మాట్లాడుకున్నామని చెప్పడానికి, గోకి పారేసిన అట్టముక్కలు తప్ప రుజువు లేదు. స్నేహితుడొకడు వెటకారంగా, "ఉత్తరాలు రాసుకోండ్రా, పోస్టు ముద్ర ఉంటుంది" అన్నాడు. నిజంగానే రాసుకున్నాం. మొదట రుజువు కోసమే రాశాం. నాలుగో ఉత్తరానికి రుజువు సంగతి మరిచిపోయాం.

ఎనిమిది నెలలు ఎదురుచూశాం. ఆ ఎనిమిది నెలలూ నాకు మహా కోపంగా ఉండేది. నా భార్య నా భార్య అవునో కాదో చెప్పడానికి వీళ్ళెవరు?

ఆ కోపంతోనే పాత చరిత్ర కొంత చదివాను. ఈ దేశం ఈ ప్రశ్న అడగడం కొత్తేమీ కాదు. 1901లో వచ్చిన వలస నియంత్రణ చట్టం తెల్లవాళ్ళు కానివారిని ఆపడానికే పుట్టింది. అందులో మొదట భార్యాపిల్లలకు ఒక మినహాయింపు ఉండేది. 1903లో దాన్ని నిలిపేశారు, 1905లో తీసేశారు. విక్టోరియా రాష్ట్రంలో పూన్ గూయి అని ఒక చైనీయ పళ్ళవ్యాపారి ఉండేవాడు. ఆయన భార్య హామ్ హాప్ 1910లో తాత్కాలిక అనుమతి మీద వచ్చింది. భార్యను ఉండనివ్వమని ఆయన తిరగని చోటు లేదు. 1913లో ఇక్కడే పుట్టిన ఇద్దరు ఆడపిల్లలతో సహా ఆమెను పంపించేశారు. వాళ్ళ బంధం నిజమా కాదా అన్న అనుమానం ఎవరికీ లేదు. నిజమైతే మాత్రం ఏమిటి, అన్నారు.

మనవాళ్ళ విషయంలో 1918లో లండన్‌లో జరిగిన సామ్రాజ్య యుద్ధ సదస్సు ఒక తీర్మానం చేసింది. అప్పటికే ఈ దేశాల్లో స్థిరపడిన భారతీయులు భార్యనూ మైనరు పిల్లలనూ తెచ్చుకోవచ్చు. అయితే మనిషికి ఒక్క భార్యే, ఆవిడ ధర్మపత్నే అని భారత ప్రభుత్వం ధ్రువీకరించాలి. ఫారం 888కి ఒక విధంగా తాత అనుకోవచ్చు దాన్ని.

ఇది చదివాక నా కోపం కాస్త చల్లారింది. రంగు చూసి పొమ్మన్న రోజుల కంటే, నిజమేనా అని అడిగే రోజులు నయం. అయినా ఒక మాట మిగిలిపోయింది. నిజం వేరు, రుజువు వేరు. నాలుగు చొక్కాలు మార్చి ఒకే మధ్యాహ్నం నాలుగు చోట్ల ఫొటోలు దిగినవాడి ఫోల్డరు లావుగా ఉంటుంది. మా అమ్మమ్మ ఫోల్డరు ఖాళీ. నా వృత్తిలో దీన్ని రోజూ చూస్తాం. జల్లెడ కన్నం పెద్దదైతే రాళ్ళు దిగుతాయి, చిన్నదైతే బియ్యమూ పైనే ఆగిపోతాయి. రెండు తప్పులూ లేని జల్లెడని ఇంతవరకూ ఎవరూ రాయలేదు. ఇక్కడ ఆగిపోయే బియ్యపు గింజ ఒక మనిషి కాపురం.

ఈ వ్యాసం ఏ పదేళ్ళ కిందటో రాసి ఉంటే ఇక్కడితో ఆపేసేవాణ్ణి. ప్రేమని కాగితాల మీద కొలవడం అన్యాయం అని తేల్చేసి, చప్పట్లు కూడా కొట్టించుకునేవాణ్ణి.

2016లో ఇలాగే ఇంకొక జంటకి సంతకం పెట్టాను. అబ్బాయి మా ఆఫీసులోనే చేసేవాడు. అమ్మాయిని వాళ్ళింట్లో నాలుగుసార్లు చూశాను. నాలుగుసార్లూ గారెలు పెట్టింది. "బాగున్నావామ్మా?" అని అడిగేవాణ్ణి. ఆవిడ జవాబు చెప్పేలోపలే వాడితో ప్రాజెక్టు గురించి మాటల్లో పడిపోయేవాణ్ణి. ఫారంలో మాత్రం, అన్యోన్యమైన జంట అనీ, నిజమైన, కొనసాగుతున్న బంధమనీ పేరాగ్రాఫు నిండా రాశాను. అది అప్పట్లో స్టాచ్యుటరీ డిక్లరేషను. తెలిసి అబద్ధం రాస్తే నాలుగేళ్ళ దాకా జైలు. నేను తెలిసి అబద్ధం రాయలేదు. తెలుసుకోకుండా నిజమని రాశాను.

మర్నాటి ఏడాది ఒక రాత్రి పదకొండింటికి ఆ అమ్మాయి మా ఆవిడకు ఫోన్ చేసింది. పెళ్ళినాడు ఇచ్చింది చాలదని, పుట్టింటినుంచి పొలం అమ్మించి డబ్బు తెమ్మని ఏడాదిగా గొడవట. చెయ్యి కూడా చేసుకుంటున్నాడు. ఎదురు మాట్లాడితే ఒకటే మాటట: "ఒక్క ఈమెయిలు కొడితే నీ వీసా ఎగిరిపోతుంది."

ఆ మాట అబద్ధం. వీసా రద్దు చేసే అధికారం స్పాన్సరుకి లేదు, ప్రభుత్వానికే ఉంది. గృహహింస వల్ల బంధం తెగిపోయినవాళ్ళకి శాశ్వత వీసా దారి మూసుకుపోకుండా 1991 నుంచీ ఈ దేశంలో నిబంధనలున్నాయి. మెల్‌బోర్న్‌లో సైకియాట్రిస్టు మంజులా ఓ'కానర్ లాంటివారు వరకట్న హింస గురించి ఎన్నో ఏళ్ళు పోరాడాక, విక్టోరియా రాష్ట్రం 2018లో గృహహింస చట్టాన్ని సవరించి అందులో దాన్నీ పేర్కొంది. ఆస్ట్రేలియా సెనేటు కూడా దీని మీద విచారణ జరిపి 2019లో నివేదిక ఇచ్చింది. కానీ ఇంగ్లీషు సరిగా రాక, కారు నడపడం రాక, ఊళ్ళో ఎవరూ తెలియక ఇంట్లో ఉన్న పిల్లకి ఈ నిబంధనల సంగతి ఎవరు చెప్పాలి? చెప్పగలిగినవాణ్ణి, నాలుగుసార్లు గారెలు తిని వచ్చాను.

ఆ అమ్మాయి మూడు వారాలు మా ఇంట్లో ఉంది. మళ్ళీ కాగితాలు మొదలయ్యాయి. బంధం నిజమని ఒకప్పుడు రుజువులు పోగుచేసిన చేతులతోనే, అందులో హింస ఉందని రుజువులు పోగుచేసింది. ఆ కాగితాలే ఆవిడను కాపాడాయి. ఒకరోజు ఉండబట్టలేక, "నేను నీ విషయంలో తప్పు సాక్ష్యం రాశానమ్మా" అన్నాను.

"మీరు రాసింది తప్పు కాదండీ అన్నయ్యగారూ. అప్పటికి మాది నిజం పెళ్ళే. మీరు నన్ను అడగలేదు, అంతే" అంది.

అప్పటినుంచీ ఆలోచిస్తున్నాను. ప్రభుత్వానికి మన పడకగదిలో ఏం పని అని అడగడం తేలిక. అయితే కాగితం అడగకపోతే నష్టపోయేది ఎవరు? మన దగ్గర ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే పెళ్ళిళ్ళ రిజిస్ట్రేషను తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. 2006లో సుప్రీంకోర్టు దేశమంతటా చేయమంది. ఏడడుగులు నడిస్తే చాలు, కాగితమెందుకు అనుకునేది మగవాడే. వదిలేస్తే, తనకు పెళ్ళయిందని నిరూపించుకోవలసి వచ్చేది ఆడదే.

అదీగాక, మనం మాత్రం అడగమా? సంబంధం అనగానే అబ్బాయి జీతం, వీసా రకం, ఇంటి మీద అప్పు అన్నీ కూపీ లాగుతాం. పిల్ల అక్కడ ఎలా ఉంటుందో కనుక్కునే పని మాత్రం ఎవరికీ అప్పజెప్పం. వెనకటికి పెళ్ళికొచ్చి అక్షింతలు వేసినవాళ్ళు ఆ వీధిలోనే ఉండేవారు. పదో ఏడు కూడా వాళ్ళకి ఆ ఇంట్లో కేకలు వినిపించేవి. వినపడనట్టు ఊరుకున్నవాళ్ళూ ఉన్నారు, తలుపు తట్టినవాళ్ళూ ఉన్నారు. ఏమైనా సాక్షి అన్నవాడు కనుచూపుమేరలో ఉండేవాడు. వలస వచ్చాక అక్షింతలు విజయవాడలో ఉండిపోయాయి, కాపురం టార్నీట్‌కి వచ్చింది. ఈ రెంటికీ మధ్య మిగిలిన సాక్షులు ఫారం 888 మీద సంతకం పెట్టేవాళ్ళే.

ఆ ఫారం నన్ను అడుగుతున్నది ఇద్దరి మనసుల్లో ఏముందో అని ఒకప్పుడు అనుకునేవాణ్ణి. అది నేను చెప్పలేను, ఏ అధికారీ చెప్పలేడు. ప్రోగ్రాములో తప్పు ఉంటే పరీక్ష పట్టిస్తుంది గానీ, తప్పు లేదని ఏ పరీక్షా హామీ ఇవ్వలేదని మా సబ్జెక్టులో మొదటి పాఠం. నేను చూసింది చూసినట్టు రాయగలను. సంతకం పెట్టాక కూడా చూస్తూ ఉండగలను. రెండోది ఫారంలో లేదు. అది లేకపోతే మొదటిదానికి విలువ లేదని నాకు 2017లో తెలిసింది.

మంగళవారం సాయంత్రం ఆ కుర్రాణ్ణి పిలిచాను. "నువ్వు టైపు చేసింది వద్దురా, నేనే రాస్తాను. రాసేముందు అమ్మాయితో ఒకసారి మాట్లాడాలి. వదినా నేనూ మాట్లాడతాం. నువ్వు ఉండకూడదు" అన్నాను.

వాడు కాసేపు ఏమీ అనలేదు. "నా మీద నమ్మకం లేదా అన్నయ్యా?" అన్నాడు చివరికి. నొప్పి తెలుస్తూనే ఉంది గొంతులో. పాత కథ పేర్లు లేకుండా చెప్పాను. విని, ఆ అమ్మాయి నంబరు ఇచ్చి వెళ్ళాడు.

బుధవారం వీడియోలో మాట్లాడాం. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివిందట, విజయవాడలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతోంది. వాణ్ణి గురించి అడిగితే, కూర కాస్త మాడినా ఫొటో తీసి పంపిస్తాడని చెప్పి నవ్వింది. వీసా దశలేమిటో, ఏ హక్కులు ఎవరికుంటాయో, ఎవరు ఏమని బెదిరించినా నమ్మకూడనివేమిటో మా ఆవిడ వివరంగా చెప్పింది. ఆ పిల్ల శ్రద్ధగా ఒక పుస్తకంలో రాసుకుంది.

చివర్న, "నువ్వేమైనా అడగాలా అమ్మా?" అన్నాను. ఈసారి జవాబు వచ్చేదాకా ఆగాను.

కొంచెం మొహమాటపడి, "మా ఇంటినుంచి మీ ఇంటికి నడిచి రావచ్చా బావగారూ?" అంది.

"రావచ్చు. ఏడు నిమిషాలు" అన్నాను. మా ఆవిడ తన ఫోన్ నంబరు మెల్లగా, రెండుసార్లు చెప్పింది.

ఆ రాత్రి ఫారం రాయడానికి కూర్చున్నాను. ఫిబ్రవరిలో విజయవాడలో ఏం చూశానో, బుధవారం ఏం విన్నానో, అంతే రాశాను. ముప్పావు పేజీ కూడా రాలేదు. కింద సంతకం పెట్టాను.