తాతయ్య, మనవలు, ఒక ఆర్వీ

పొయ్యి, పడక, స్నానాలగది అన్నీ ఉన్న బండి ఆర్వీ. అమెరికాలో మనవలతో అందులో ఎల్లోస్టోన్ బయల్దేరే తాతయ్య ముందు మ్యాపు పరుస్తాడు, మైళ్లు లెక్కేస్తాడు. నన్నడిగితే, ఎక్కడ ఆగాలో ముందు పిల్లల్నే అడగాలి.

1872లో జాతీయ పార్కు అయిన ఎల్లోస్టోన్‌లో ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే వేడినీటి బుగ్గ సుమారు గంటన్నరకోసారి ఎగజిమ్ముతుంది. ఆ గంటన్నర పిల్లల్ని కూర్చోబెట్టడమే అసలు పని! పులిహోర డబ్బా, పేకముక్కలు చేతికందేలా ఉండాలి. పార్కువాళ్లు పిల్లలకిచ్చే జూనియర్ రేంజర్ పుస్తకం పూర్తిచేస్తే బ్యాడ్జి కూడా ఇస్తారు.

పార్కులోనే ఫిషింగ్ బ్రిడ్జి దగ్గరున్న ఆర్వీల మకాంలో గుడారాలు వేయనివ్వరు. ఎలుగుబంట్లు తిరుగుతాయి కాబట్టి గట్టి గోడల బండ్లకే చోటు. రాత్రి మనవడు గోడకు చెవి ఆనించి, "తాతయ్యా, అది ఎలుగేనా?" అంటాడు. ఆ గురక అమ్మమ్మదని చెప్పాలా వద్దా అన్నది తాతయ్య ఇష్టం.