ఏలీయాకు ముందు రొట్టె పెట్టారు



రాయచోటి చుట్టుపక్కల పల్లెల నుంచి ఎందరో తల్లులు ఇంటిపనుల కోసం కువైట్ వెళ్లారు. ఫోనులో "బాగున్నావా?" అంటే అటునుంచి "బాగున్నా", ఇటునుంచి "బాగున్నాం". పిల్లల్ని సాకుతున్న అవ్వ మోకాళ్ల నొప్పి, అక్కడ తల్లికి చాలని నిద్ర, రెండూ ఆ మాట కిందే దాగిపోతాయి. దూరాన ఉన్నవారిని బాధపెట్టకూడదని అలా అంటాం, సరే. రాత్రి ప్రార్థనలో దేవునితో కూడా అదే మాట ఎందుకు?

ఆత్మశోధన అంటే పాపసంకీర్తనానికి ముందు పాపాల లెక్క చూసుకోవడమేనని చాలామంది తలుస్తారు. 1548లో అచ్చయిన 'ఆధ్యాత్మిక సాధనలు'లో పునీత లొయోలా ఇగ్నేషియస్ వారు చెప్పిన వరుస వేరు. మొదట దేవుని మేళ్లకు కృతజ్ఞత, ఆ తరువాతే తప్పుల విచారణ.

రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయం చదవండి. ఎడారిలో చెట్టు నీడన చావు కోరుకుంటూ పడుకున్న ఏలీయాను దేవదూత మందలించలేదు. లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. ప్రవక్త తిని మళ్లీ నిద్రపోయాడు. దూత మళ్లీ లేపి తినమన్నాడు. ఇక్కడేం చేస్తున్నావని దేవుడు అడిగింది హోరేబు చేరాకే!

బోరులో నీళ్లు తగ్గితే మోటారు కాలిపోకముందే మన రైతు ఆపేస్తాడు. మనిషి మీదే ఆ పాటి దయ చూపము.

ఈ రాత్రి జపమాల అయ్యాక కాసేపు కూర్చోండి. మేళ్లు తలచుకోండి. వేళకు తిన్నానా, పిల్లల మీద విసుక్కున్నది కోపంతోనా, అలసటతోనా అని అడగండి. బాగాలేకపోతే దేవునికి అలాగే చెప్పండి, ఇంట్లో ఒకరికైనా చెప్పండి. కువైట్ నుంచి వచ్చిన డబ్బులో అవ్వ మందులకు ముందు తీయండి, చీటీ సంగతి తర్వాత చూడవచ్చు.