ఎండ అందరిది, మిద్దె కొందరిది

మాది తిరుత్తణిలో బాడుగ ఇల్లు. కింద ఓనరు మామ వాళ్లు ఉంటారు, మేడ మీద పోర్షన్‌లో మేముంటాం. మా నాయన మరమగ్గాల షెడ్డులో కూలికి లుంగీలు నేస్తాడు. అమ్మ ఇంట్లోనే చిన్న మోటారు పెట్టుకుని కండెలు చుడుతుంది. మా పోర్షన్‌కి సొంత కరెంటు కనెక్షన్ లేదు. గోడకి ఒక చిన్న మీటరు ఉంది. అందులో ఎన్ని యూనిట్లు తిరిగితే అన్నిటికీ లెక్కగట్టి రెండు నెలలకోసారి ఓనరు మామకి ఇస్తాం.

పోయిన ఏడాది మామ మిద్దె మీద సోలార్ పలకలు పెట్టించాడు. సరిగ్గా మా వంటింటి పైన. పని జరిగిన రెండు రోజులూ పనోళ్లకి అమ్మే టీ పెట్టి ఇచ్చింది. తర్వాత బిల్లు వచ్చినప్పుడు మామ ముఖం వెలిగిపోయింది, వాళ్ల బిల్లు అంత తగ్గింది. మేమిచ్చే లెక్క మాత్రం యూనిట్‌కి ముందు ఎంతో ఇప్పుడూ అంతే.

ఆ రాత్రి అమ్మ డబ్బులు లెక్కపెడుతూ, "ఎండ మన మీద కూడా పడతా ఉంది కదమ్మా, మరి మనకెందుకు తగ్గలేదు?" అని నన్ను అడిగింది. నేను పదో తరగతి చదువుతున్నాను. సోలార్ సెల్ ఎట్లా పనిచేస్తుందో బొమ్మ గీసి చూపించగలను. కానీ అమ్మ అడిగినదానికి నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ జవాబు వెతుక్కుంటూ రాసిందే ఈ వ్యాసం.

మన దేశం సూర్యుణ్ణి నమ్ముకుని పెద్ద ప్రణాళికే వేసుకుంది. 2010 జనవరిలో జాతీయ సోలార్ మిషన్ మొదలైనప్పుడు, 2022 నాటికి 20,000 మెగావాట్లు సాధించాలని అనుకున్నారు. 2015లో ఆ లక్ష్యాన్ని లక్ష మెగావాట్లకు పెంచారు. అందులో 40,000 మెగావాట్లు మిద్దెల మీద నుంచే రావాలన్నారు. లక్ష మెగావాట్లు మనం దాటింది 2025 జనవరి ఆఖరుకి. ఆలస్యమైనా అది చిన్న సంగతి కాదు. అయితే అందులో ఎక్కువ భాగం పెద్ద పెద్ద సోలార్ పార్కుల నుంచి వచ్చింది. మిద్దెలు వెనకబడిపోయాయి. అందుకే 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం పీఎం సూర్య ఘర్ పథకం తెచ్చింది. కోటి ఇళ్ల మీద పలకలు పెట్టించాలని, దానికి 75,021 కోట్ల రూపాయలు ఖర్చు పెట్టాలని నిర్ణయించింది. ఒక కిలోవాట్‌కి 30,000 రూపాయలు, రెండు కిలోవాట్లకి 60,000, మూడు గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే 78,000 సబ్సిడీ.

ఇది ఎట్లా పనిచేస్తుందో చిన్నగా చెప్తాను. ఒక కిలోవాట్ పలకలకి దాదాపు వంద చదరపు అడుగుల చోటు కావాలి. బాగా ఎండ కాసే రోజు అవి సుమారు నాలుగు యూనిట్లు ఇస్తాయి. పగలు ఇంట్లో వాడుకోగా మిగిలిన కరెంటు ఈబీ లైనులోకి పోతుంది. రాత్రి మళ్లీ లైను నుంచే ఇంటికి వస్తుంది. పోయిందీ వచ్చిందీ లెక్క చూసి బిల్లు వేస్తారు.

వినడానికి బాగుంది. మరి ఇది ఎవరికి అందుతుంది? సొంత మిద్దె ఉండాలి. కనెక్షన్ తమ పేరు మీద ఉండాలి. సబ్సిడీ పోను మిగిలిన డబ్బు పెట్టాలి, లేకపోతే బ్యాంకు అప్పు పుట్టాలి. మొన్న కొండ మెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగి ఊరి వైపు చూశాను. మిద్దెలు, రేకుల ఇళ్లు, పెంకుటిళ్లు, దూరంగా తాటాకు గుడిసెలు. అన్నిటి మీదా ఒకే ఎండ. నల్లగా మెరిసే పలకలు మాత్రం మంచి మిద్దెల మీదే కనిపించాయి. గుడిసె మీద పలక నిలవదు. బాడుగకి ఉండేవాళ్లకి కప్పు ఉన్నా అది వాళ్లది కాదు.

ఈ మాట నా స్నేహితురాలితో అంటే తను ఒప్పుకోలేదు. "మీ ఓనరు డబ్బు పెట్టాడు, ఆయనకి లాభం వచ్చింది. ఇందులో అన్యాయం ఏముంది? ఆయన సైకిలు కొనుక్కుంటే నీకు సగం ఇమ్మంటావా?" అంది. మంచి ప్రశ్న. రెండు రోజులు దాని గురించే ఆలోచించాను.

ఆయన సొంత డబ్బు వరకు తను చెప్పిందే న్యాయం. మామ చెడ్డవాడు కాదు, అప్పు చేసి పెట్టించాడు. కానీ ఆ పలకల్లో సబ్సిడీ డబ్బు కూడా ఉంది. అది ప్రభుత్వానిది, అంటే అందరిదీ. అమ్మ సబ్బు కొన్నా, నాయన చెప్పులు కొన్నా అందులో పన్ను ఉంటుంది. ఇంకొకటి, పగలు మిగిలిన కరెంటు తీసుకుని రాత్రికి తిరిగి ఇచ్చే ఆ లైను కూడా అందరి డబ్బుతో వేసిందే. సైకిలు పూర్తిగా ఆయనది. ఈ కరెంటులో మాత్రం కొంత ఊరిది కూడా. అందరి డబ్బుతో ఒక పని చేసేటప్పుడు, ఇప్పటికే కప్పు ఉన్నవాళ్లకే అది అందేలా చేస్తే, అది మోసం కాదు గానీ న్యాయం కూడా కాదు.

మిద్దె దగ్గర జరిగిందే భూమి దగ్గర కూడా జరిగింది. కర్ణాటకలో తుమకూరు జిల్లా పావగడ అనంతపురం సరిహద్దులో ఉంది, అక్కడ తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది. వానలు పడని ఆ నేలలో 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు కట్టారు. రైతుల దగ్గర భూమి లాక్కోలేదు, కౌలుకి తీసుకున్నారు. ఎకరాకి ఏడాదికి 21,000 రూపాయలతో మొదలుపెట్టి, రెండేళ్లకోసారి కొంచెం పెంచేలా ఒప్పందం చేసుకున్నారు. కరువుతో విసిగిన రైతుకి అది మేలే. కానీ అదే భూమిలో కలుపు తీసి, కోతలు కోసి బతికిన కూలివాళ్లకి భూమి లేదు కాబట్టి కౌలు కూడా లేదు. పొలం పోయాక పని కూడా పోయింది. ఎండ వాళ్ల వీపు మీద కూడా కాసింది కదా!

ఇదంతా చదివి, "అయితే సోలార్ వద్దంటావా?" అని మీరు అడగొచ్చు. వద్దనను. ఎందుకో చెప్పాలంటే మన తిరువళ్లూరు జిల్లా తూర్పు కొసకి వెళ్లాలి. పళ్లిపట్టు వైపు నుంచి వచ్చే కొసస్తలై ఏరు, మన నగరి ఏటి నీళ్లు కూడా కలుపుకుని, పూండి చెరువు దాటి, ఎన్నూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ కలిసే చోటే అత్తిపట్టు, వల్లూరు దగ్గర పెద్ద బొగ్గు విద్యుత్ కేంద్రాలు ఉన్నాయి. ఒక్క వల్లూరులోనే 1,500 మెగావాట్లు. ఒడిశా బొగ్గు ఓడల్లో వస్తుంది. కాలిన బొగ్గు బూడిద ఏటిలో కలిసి చేపలు, రొయ్యలు పోతున్నాయని అక్కడి జాలర్లు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. విషయం హరిత ట్రైబ్యునల్ దాకా పోయింది. నేను రాత్రి చదువుకునే లైటు వెలుగుతోందంటే, అదే జిల్లాలో, అదే ఏటి చివర ఎవరో దానికి వెల కడుతున్నారు. అందరికీ సమానంగా అందేదాకా సోలార్ ఆపుదాం అంటే ఆ జాలర్లకి అన్యాయం. ఎట్లాగో పెట్టేద్దాం, పంపకం తర్వాత చూద్దాం అంటే అమ్మలాంటి వాళ్లకి అన్యాయం. రెండూ ఒకేసారి చూసేదాన్నే ప్రణాళిక అనాలి.

ఇంకో చిక్కు ఉంది. సూర్యుడు ఆరున్నరకి దిగిపోతాడు. నాయన షెడ్డులో రాత్రి షిఫ్టు మగ్గాలు ఆడేది ఆ తర్వాతే. నేను చదివేదీ అప్పుడే. ఇళ్లల్లో లైట్లు, ఫ్యాన్లు అన్నీ ఒక్కసారిగా వేసేదీ అప్పుడే. పగటి ఎండని రాత్రికి దాచాలంటే బ్యాటరీలు కావాలి. లేదా పగలు నీళ్లు పైకి తోడి రాత్రి కిందికి వదిలే జలవిద్యుత్ కేంద్రాలు కావాలి. గాలిమరలు కూడా తోడు కావాలి. వాటికి చాలా ఖర్చవుతుంది. ఆ ఖర్చు సోలార్ పెట్టుకోలేనివాళ్ల బిల్లులో వచ్చి పడితే, ఎండ లాభం ఒకరికి, చీకటి ఖర్చు ఇంకొకరికి అయినట్టే.

పంచుకోవడం మనకి చేతకాదా అంటే, అదేం కాదు. పూండి చెరువులోకి వచ్చే కృష్ణా నీళ్లే అందుకు సాక్ష్యం. చెన్నై దాహం తీర్చడానికి మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా ఐదు టీఎంసీలు ఇవ్వడానికి 1976లో ఒప్పుకున్నాయి. 1983లో ఆంధ్ర, తమిళనాడు ఒప్పందం చేసుకున్నాయి. 1996లో తెలుగుగంగ నీళ్లు పూండికి చేరాయి. కృష్ణ ఒడ్డున ఇల్లు లేనివాళ్లకి కృష్ణా నీళ్లు ఇచ్చారంటే, మిద్దె లేనివాళ్లకి ఎండ కరెంటు ఎందుకు ఇవ్వలేం?

మన రాష్ట్రంలో కరెంటు విషయంలోనూ ఇట్లాంటి ఆలోచన ఉంది. ఇళ్లకి రెండు నెలలకి 100 యూనిట్లు ఉచితమని 2016లో మొదలుపెట్టారు. 2023లో చేతిమగ్గాలకి ఆ లెక్కని 300 యూనిట్లకి, మరమగ్గాలకి 1,000 యూనిట్లకి పెంచారు. ఇది మా ఊళ్లో చాలా ఇళ్లకి అన్నం పెట్టిన పథకం. కానీ ఇందులో కూడా మాలాంటి చిన్న మీటరు వాళ్లు లెక్కలోకి రారు. ఇంట్లో మూడు కుటుంబాలున్నా కనెక్షన్ ఒకటే అయితే ఉచితం ఒక్కసారే. అందరికీ ఒకేలా ఇవ్వడం వేరు, అందరికీ అందేలా ఇవ్వడం వేరు. మా క్లాసులో కళ్లు సరిగా కనపడనివాళ్లని సారు ముందు బెంచీలో కూర్చోబెడతారు. దాన్ని పక్షపాతం అని మేమెవరమూ అనలేదు.

దారులు కొన్ని కనిపిస్తున్నాయి. ఢిల్లీలో 2019లోనే ఒక పద్ధతికి నిబంధనలు తెచ్చారు. పలకలు ఒకచోట ఉంటాయి, వాటి యూనిట్లు చాలామంది బిల్లుల్లో పంచి తగ్గిస్తారు. అంటే సొంత మిద్దె లేకపోయినా వాటా ఉంటుంది. మన పక్క చిత్తూరు జిల్లాలో, కుప్పం దగ్గర నడిమూరు అనే ఊళ్లో, ప్రతి ఇంటికీ సోలార్ పెట్టే పని 2025 జనవరిలో మొదలైంది. ఎస్సీ, ఎస్టీ ఇళ్ల మీద రెండు కిలోవాట్లు ఉచితంగా పెడతామని ఆంధ్ర ప్రభుత్వం ప్రకటించింది. మన దగ్గర బడులున్నాయి, పంచాయతీ ఆఫీసులున్నాయి, బస్టాండ్లున్నాయి. వాటి మిద్దెలు ఎవరి సొంతమూ కాదు, అందరివీ. అక్కడ వచ్చే కరెంటులో మొదటి వాటా గుడిసెల్లో, బాడుగ ఇళ్లల్లో ఉండేవాళ్లకి రాయొచ్చు. దానికి ముందు బాడుగకి ఉండే ప్రతి కుటుంబానికీ తమ పేరు మీద ఒక మీటరు ఉండాలి.

పెట్టడంతో పని అయిపోదు, కాపాడుకోవాలి కూడా. మా పెద్దమ్మ వాళ్ల ఊళ్లో చెరువు కట్ట మీద ఒక సోలార్ దీపం ఉండేది. కొన్నాళ్లు బాగా వెలిగింది. బ్యాటరీ పోయాక ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు ఆ స్తంభానికి బర్రెని కట్టేస్తున్నారు. పేదవాళ్ల వాటాకి వచ్చిన దీపం ఆరిపోతే అడిగేవాళ్లు ఉండరు. ఊరి పిల్లల్లో కొందరికి ఆ రిపేరు పని నేర్పిస్తే దీపమూ ఉంటుంది, వాళ్లకి పనీ ఉంటుంది.

ఇదంతా రాశాక ధైర్యం చేసి ఓనరు మామతో కూడా మాట్లాడాను. ఆయన కోప్పడలేదు. "నువ్వు చెప్పేది కరెక్టే పాపా, అప్పు తీరనీ, చూద్దాం" అన్నాడు. చూస్తాడో లేదో తెలీదు. అయినా న్యాయం అనేది ఒక ఓనరు మంచితనం మీద ఆధారపడకూడదు. మంచి ఓనరు దొరికినవాళ్లకి ఒక బిల్లు, దొరకనివాళ్లకి ఇంకో బిల్లు ఉంటే దాన్ని ప్రణాళిక అనలేం.

అమ్మకి కూడా నా జవాబు చెప్పాను. "ఎండ మనది కూడానే అమ్మా. దాన్ని పంచే లెక్కలో మన పేరు లేదు, అంతే."

అమ్మ కండె మారుస్తూ, "అయితే పేరు రాయించుకోవాల" అంది.

ఎట్లా రాయించుకోవాలో నాకు ఇంకా పూర్తిగా తెలీదు. ఇది చదివే పెద్దవాళ్లు, టీచర్లు, మిద్దె ఉన్నవాళ్లు, లేనివాళ్లు అందరూ ఒక్కసారి ఆలోచించి చెప్పండి. మన బడి మిద్దె చాలా పెద్దది. రోజంతా దాని మీద ఎండ ఊరికే పోతోంది.