నమూనా ఎవరిది?

సహాయం చేయడం మంచిదేనా అని ఎవరూ అడగరు. అడిగినవాణ్ణి కృతఘ్నుడనో, పనిలేనివాడనో అనుకుంటారు. అందులోనూ సహాయం పొందేది పల్లెటూరి బడిపిల్ల, చేసేది ఆదివారం సెలవు వదులుకొని నగరం నుంచి వచ్చిన ఇంజనీరు అయినప్పుడు ఆ ప్రశ్నకు తావే ఉండదు. నేనూ చాలాకాలం అడగలేదు. నేను పెట్టిన ఒక సంతకం నాచేత ఆ ప్రశ్న అడిగించింది. కనుక ఆ సంతకం కథతోనే మొదలుపెడతాను.

నేను పూడూరు మండలంలో ఒక ప్రభుత్వ పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. హైదరాబాదు నుంచి చేవెళ్ళ మీదుగా, మర్రిచెట్ల నీడన వచ్చే దారి మన్నెగూడ దగ్గర చీలి, ఒకటి వికారాబాదుకూ ఒకటి పరిగికీ పోతుంది. ఆ ప్రాంతంలో పత్తి విస్తారంగా పండిస్తారు. పత్తి ఏరే రోజుల్లో నా తరగతిలో ఆడపిల్లల హాజరు పలచబడేది. తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి అలాగే వారంరోజులు మానేసి వచ్చి, పాఠం అయిన తరువాత నన్నొక ప్రశ్న అడిగింది.

“సారూ, మా అమ్మ ఏరిన పత్తి ఎన్ని కిలోలో, కాటా కాడికి పోకముందే ఆమెకు ఎరుకయ్యేటట్టు ఏమన్న చెయ్యొచ్చా?”

పత్తి ఏరినందుకు కూలి కిలో లెక్కన ఇస్తారు. తూచేవాడు చేను గలవాడు. కాటా ఆయనది, కళ్ళు ఆయనవి, పుస్తకంలో రాసే చెయ్యీ ఆయనదే. రోజంతా ఒడి బరువు నడుముమీద మోసినా సాయంత్రం తూకం తక్కువే వస్తున్నదని ఆ తల్లి అనుమానం. అనుమానమే కాని ఋజువు లేదు. ఆ పిల్ల అడిగినది ఋజువు.

నాకు చాలా సంతోషం కలిగింది. పిల్లల ఆలోచనలను పనిచేసే నమూనాలుగా మార్చే పోటీ ఒకటి జరుగుతున్నది. దానికి ఈ ఆలోచన పంపాను. ఎంపికయింది. సాయం చేయడానికి ఒక పరిశ్రమలో పనిచేసే ఇంజనీరు స్వచ్ఛందంగా వచ్చాడు. మంచివాడు, పని తెలిసినవాడు, పిల్లలను కసురుకొనే స్వభావం లేనివాడు. మూడు ఆదివారాలలో చక్రాల బుట్ట ఒకటి తయారయింది. అడుగున బరువును పసిగట్టే పరికరం, పక్కన అంకెలు చూపే చిన్న తెర, పైగా ఎవరు ఎంత ఏరారో ఎప్పటికప్పుడు ఫోనుకు కబురు పంపే ఏర్పాటు. ప్రదర్శనలో నిర్ణేతలు ఎంతో మెచ్చుకున్నారు. “రైతు ఇంట్లో కూర్చుని కూలీలందరి లెక్క చూసుకోవచ్చునన్నమాట!” అన్నారు. బహుమతి వచ్చింది. ఇది విద్యార్థిని స్వయంగా చేసినదేనని ధ్రువపత్రం మీద నేను సంతకం పెట్టాను.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆ పిల్ల ఒక్క మాట అడిగింది: “సారూ, ఆ ఫోను ఎవరి దగ్గర ఉంటది?”

అప్పటికి గాని నాకు తెలిసిరాలేదు. కూలిమనిషి యజమాని లెక్కను సరిచూసుకోవడానికని మొదలైన వస్తువు, యజమాని కూలిమనిషిని కనిపెట్టి ఉండే వస్తువుగా ముగిసింది. దీనిలో ఎవరి కుట్రా లేదు. ఇంజనీరుకు దురుద్దేశం లేదు, నిర్ణేతలకు లేదు, నాకసలే లేదు. అయినా ప్రశ్న తలకిందులయింది. కుట్ర లేకుండానే ఇలా ఎందుకు జరుగుతుంది? ఈ వ్యాసంలో నేను తేల్చుకోదలచినది అదే.

ఇటువంటి సహాయాన్ని సమర్థించేవారు సాధారణంగా ఒక మాట చెబుతారు: “ఆలోచన పిల్లలది, తయారీలో తోడ్పాటు మాత్రమే మాది.” వినడానికి న్యాయంగానే ఉంటుంది. కాని ఆలోచన ఒకచోట పూర్తిగా సిద్ధమై ఉండగా, తయారీ దానికి రూపం మాత్రమే ఇస్తుందన్న భావం దీని వెనుక ఉన్నది. ఇది పొరపాటు. తెర ఎటు తిరగాలి, అంకె ఎవరికి కనపడాలి, కబురు ఎవరికి పోవాలి, చెడిపోతే ఎవరు విప్పాలి, ఎంత ఖర్చు కావాలి, ఆ ఖర్చు ఎవరు భరించాలి అన్న నిర్ణయాలన్నీ జరిగేది తయారీలోనే. ఆ నిర్ణయాలే ఆలోచనకు అసలు అర్థం. వాటిని చేసినవాడే ఆ వస్తువుకు కర్త. మా ఇంజనీరు వాటిని తాను చేస్తున్నానని కూడా అనుకోలేదు. తాను రోజూ పనిచేసే చోట అంకెలు పైవాడికి చేరతాయి గనుక, ఇక్కడా పైవాడికే చేర్చాడు. అలవాటు చేతిలో ఉంటుంది. చెయ్యి ఎవరిదైతే అలవాటూ వారిదే.

ఆలోచనను ఒకరికీ చేతిపనిని మరొకరికీ పంచిపెట్టడం మన సమాజానికి కొత్త కాదు. మనం దానికి కులమని పేరు పెట్టుకొని శతాబ్దాలు కాపాడుకున్నాం. గొర్రు, గుంటుక చెక్కిన వడ్లాయన ఎద్దుల ఎత్తు చూసి, నేల తీరు చూసి, దున్నేవాడి చేతి పొడుగు చూసి కొయ్య కోసేవాడు. పనిచేసే నమూనా అంటే అదే గదా! కాని అతన్ని ఇంజనీరని మనం ఎన్నడూ అనలేదు. పరిశ్రమ నుంచి రావలసిన స్వచ్ఛంద సేవకుల జాబితాలో నేటికీ అతని పేరు లేదు. 1937లో వార్ధాలో గాంధీ చేతివృత్తి ద్వారా చదువు చెప్పాలన్నాడు. 1964–66 నాటి కొఠారీ కమిషను పని అనుభవం చదువులో భాగం కావాలన్నది. పుస్తకానికీ పనిముట్టుకూ మధ్య గోడ ఇంకా నిలిచే ఉన్నది. ఇప్పుడు ఆ గోడను పడగొడుతున్నామని చెప్పుకుంటూనే, దాన్ని పిల్ల ఆలోచనకూ పెద్దవాడి చేతికీ మధ్య మళ్ళీ కడుతున్నాం.

ఇంజనీరింగు తటస్థమైనదనే భ్రమ కూడా ఇక్కడ పనిచేస్తుంది. మా మండలంలోనే దామగుండం అడవి ఉన్నది. అందులో సుమారు 2,900 ఎకరాలలో నౌకాదళం కట్టే రేడియో కేంద్రానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. సముద్రగర్భంలోని జలాంతర్గాములకు సందేశాలు పంపడం దాని పని. అది గొప్ప ఇంజనీరింగే, సందేహం లేదు. కాని అది జలాంతర్గామికి సంబంధించిన ప్రశ్నకు జవాబు. ఆ అడవిలో పశువులు మేపుకొనేవాడి ప్రశ్నకు కాదు. జవాబు ఎంత చక్కనిదో ఇంజనీరింగు చెప్పగలదు. ప్రశ్న ఎవరిదో అది చెప్పదు. మనమే అడిగి తెలుసుకోవాలి.

ఐతే పిల్లలను వారి మానాన వదిలెయ్యమంటారా అని మిత్రులు అడగవచ్చు. అనను. ఒంటరి శ్రమ అనేది కల్పన. మనిషి చేసిన ప్రతి వస్తువులోనూ ఎందరి శ్రమో ఉంటుంది. పిల్లవాడు ఈరోజు ఒకరి తోడుతో చేయగలిగినది రేపు ఒంటరిగా చేయగలుగుతాడని, చదువు జరిగేది ఆ రెంటి మధ్యనేనని సోవియట్ మనస్తత్వ శాస్త్రవేత్త వైగోత్‌స్కీ 1930ల ప్రారంభంలోనే చెప్పాడు. ఆయన ప్రకారం తోడు తప్పు కాదు, అవసరం. కాని రేపు ఒంటరిగా చేయగలగడం అన్న రెండో సగం లేకపోతే మొదటి సగానికి అర్థం లేదు. మా చక్రాల బుట్టను ఆ పిల్ల రేపు కాదుగదా, ఏడాదికైనా మళ్ళీ చేయలేదు. చెడిపోతే విప్పనూ లేదు.

ఆసుయంత్రం చేసిన చింతకింది మల్లేశం గారి సంగతి చాలామందికి తెలుసు. చీర ఒక్కింటికి వేలసార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించి తల్లి లక్ష్మి భుజం నొప్పితో బాధపడడం చూసి ఆయన 1992లో పని మొదలుపెట్టాడు, 1999లో పూర్తిచేశాడు. పెద్ద చదువు లేదు. హైదరాబాదులో పనిచేస్తూ అక్కడి యంత్రాల కదలికలు చూసి నేర్చుకున్నాడు. అంటే పరిశ్రమ సహాయం ఆయనకూ ఉన్నది. కాని ప్రశ్న ఆ ఏడేళ్ళూ చేతులు మారలేదు. అది ఆయన తల్లి భుజం దగ్గరే ఉన్నది. అందుకే 2017లో పద్మశ్రీ వచ్చినా రాకపోయినా, ఆ యంత్రం ఆసుపోసే స్త్రీలదే అయింది.

పరిశ్రమ నుంచి వచ్చిన మనిషి ఎలా మెలగవచ్చునో చెప్పే దృష్టాంతం కూడా మన దేశంలోనే ఉన్నది. మధ్యప్రదేశ్‌లో 1972లో మొదలైన హోషంగాబాద్ విజ్ఞానశాస్త్ర బోధన కార్యక్రమంలో, టెల్కోలో ఇంజనీరుగా ఉన్న అరవింద్ గుప్తా 1978లో సెలవు పెట్టి చేరాడు. ఆయన పిల్లలకు అగ్గిపుల్లలు, సైకిలు వాల్వుట్యూబు ముక్కలతో ఆకృతులు కట్టడం చూపాడు. ఏ పల్లెటూరిలోనైనా దొరికేవి, విరిగితే మళ్ళీ చేసుకోగలిగేవి. ఆ కార్యక్రమాన్ని ప్రభుత్వం 2002లో ఆపివేసింది. స్వచ్ఛందసేవ ఎంత గొప్పదైనా, దాన్ని నిలబెట్టే బాధ్యత ప్రభుత్వం తీసుకోకపోతే ఏమవుతుందో కూడా ఇదే చెబుతున్నది.

ఇప్పుడు ప్రభుత్వం పక్షాన కూడా ఏర్పాట్లు లేకపోలేదు. మానక్ పథకం కింద ఎంపికైన ఆలోచనకు 10,000 రూపాయలు విద్యార్థి ఖాతాకు చేరుతాయి. 2016లో మొదలైన అటల్ ఇన్నొవేషన్ మిషన్ దేశంలో పదివేల బడులలో ప్రయోగశాలలు పెట్టించింది; ఒక్కొక్కదానికి 20 లక్షలు. వాటికి వారానికి ఒకటి రెండు గంటలు కేటాయించే స్వచ్ఛంద మార్గదర్శకులను పరిశ్రమల నుంచి పిలిచింది. కాని ప్రయోగశాలకు 1,500 చదరపు అడుగుల స్థలం చూపమన్నారు. రెండు తరగతులను ఒకే వరండాలో కూర్చోబెట్టే బడికి ఆ మాట చెప్పడం, చెప్పులు లేనివాణ్ణి మేజోళ్ళ రంగు అడిగినట్టుంటుంది. 2025 బడ్జెటులో ప్రభుత్వ బడులకు అయిదేళ్ళలో ఇంకా 50,000 ఇస్తామన్నారు. రావాలి. అవి వచ్చినా ఆదివారం అతిథి, ఏడాది పొడుగునా ఉండవలసిన ఉపాధ్యాయుడికి బదులు కాలేడు. చదువు 2009 చట్టం ప్రకారం పిల్లల హక్కు. హక్కును ఒకరి తీరిక మీద ఆధారపడనివ్వడం న్యాయం కాదు.

నా కథ ముగింపు చెప్పాలి. నేను ఆ ఇంజనీరుకు ఉత్తరం రాసి ఉన్న సంగతి దాచకుండా చెప్పాను. కోపం వస్తుందనుకున్నాను. మరో ఆదివారం అతను వట్టి చేతులతో వచ్చాడు. ఊరి వడ్లాయనను కూడా పిలిచాం. ఆయన కొలతలు అడగలేదు, “దీన్ని పట్టేదెవరు బిడ్డా? ఎక్కడ తగిలిస్తరు?” అని అడిగాడు. చేనిగట్టున వేపచెట్టు కొమ్మకు, అన్నది ఆ పిల్ల. మీటరుకు కొంచెం తక్కువ పొడుగున్న కర్ర తీసుకొని, ఒక చివర నుంచి ఐదు సెంటీమీటర్ల దూరంలో తాడు కట్టి వేలాడదీశారు. పొట్టివైపు చివర పత్తిమూట, పొడుగువైపు జరిపే కిలో రాయి. బలభ్రామకాల పాఠం నేను చెప్పిందే: కిలోకు ఐదు సెంటీమీటర్లు. కాని మూట కట్టకముందే కర్ర పొడుగువైపు ఒరిగిపోయింది. పిల్ల తెల్లబోయింది. కర్రకు తన బరువు ఉంటుందని మేమిద్దరం ఎరుగుదుం. నేను నోరు తెరవబోతే ఇంజనీరు నా చెయ్యి పట్టుకున్నాడు. చాలాసేపయిన తరువాత ఆమె ఒక రాయి తెచ్చి పొట్టివైపు కట్టింది. చాలక ఇంకొకటి కట్టింది. కర్ర సమంగా నిలిచింది. లీటరు నీళ్ళు కిలో తూగుతాయి గనుక నీళ్ళసీసాలు తగిలించి ఒక్కొక్క గాటూ తానే పెట్టుకున్నది. “చెప్పకుండా కూర్చోవడం ఇంత కష్టమని నాకు తెలియదండీ” అన్నాడతను వెళ్ళేటప్పుడు.

ఆ కర్ర ఏ ప్రదర్శనకూ పోలేదు. దానివల్ల కూలిరేటు పెరగలేదు, చేను గలవాడి మనసు మారలేదు. కాని ఆ ఏడు పత్తి చివరిదాకా ఆ తల్లి కాటా దగ్గర తన లెక్క ముందు చెప్పి, తరువాత ముల్లు చూసేది. తోటి స్త్రీలు కూడా మూటలు వేపచెట్టు దగ్గరికి తెచ్చేవారు. కర్ర ఒకసారి విరిగింది. ఆ సంగతి నాకు చాలారోజుల దాకా తెలియలేదు. ఎందుకంటే ఎవరూ నన్ను పిలవలేదు. ఆ పిల్లే ఇంకొకటి చేసింది.

సహాయం ఎక్కడ ఆగాలి అన్న ప్రశ్నకు ఇంతకన్న మంచి కొలత నాకు దొరకలేదు. వస్తువు పనిచేసిందా, బహుమతి వచ్చిందా అన్నవి చిన్న ప్రశ్నలు. ప్రశ్న వేసినవారి చేతిలోనే వస్తువు మిగిలిందా? విరిగితే మనల్ని పిలవకుండా వారు మళ్ళీ చేసుకోగలరా? ఇవి అడగకుండా ధ్రువపత్రాల మీద సంతకాలు పెట్టే ఉపాధ్యాయులలో నేనూ ఒకణ్ణి. ఆ సంతకం ఇప్పటికీ ఎక్కడో ఒక బీరువాలో ఉండే ఉంటుంది. దాన్ని చెరపలేను. మరొకటి అలా పెట్టకుండా ఉండగలను.