గెలవాలని లేకుండా చెస్ ఆడొచ్చా?

ఈ వారం వీడియోలో నిష్కామ కర్మ గురించి మాట్లాడుకున్నాం కదా. పని నీ చేతిలో ఉంది, ఫలితం నీ చేతిలో లేదు అన్న మాట. ఆఫీసుకి, పరీక్షలకి, ఇంటి పనులకి దాన్ని ఎలా అన్వయించుకోవచ్చో అందులో ఉంది. కానీ ఒకచోట మాత్రం ఈ మాట నాకు అంత తేలిగ్గా అతకదు. అది చదరంగం. గెలవడం, ఓడటం తప్ప ఇంకేమీ లేని ఆట. డ్రా ఉంది లెండి, అయినా డ్రా చేసుకుని లేచేవాళ్ళలో ఒకరి మొహమైనా వాడిపోయే ఉంటుంది. అలాంటి బోర్డు ముందు ఫలితం ఆశించకుండా కూర్చోవడం అంటే అసలు ఏమిటి?

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. వయసు 28, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చిన్నప్పుడు గుర్రం ఎలా దూకుతుందో తెలుసు, అంతవరకే. 26లో పద్ధతిగా నేర్చుకోవడం మొదలుపెట్టాను. కోచ్ లేరు. కొన్ని పుస్తకాలు, పజిల్స్, ఫోన్‌లో ఒక ఇంజిన్. పొద్దున లాగిన్ అయ్యేలోపు 45 నిమిషాలు. ఆన్‌లైన్ రేటింగ్ 900 దగ్గర మొదలై 1480కి వచ్చింది. ఎనిమిది నెలలుగా అక్కడే కూర్చుంది. రాత్రి గెలిచే ఆట చేజారితే నిద్ర పట్టదు. ఇదేం గొప్ప బాధ కాదు, తెలుసు. కానీ బాధ చిన్నదైతే దాన్ని దగ్గరగా చూడటం సులువు. ఉద్యోగం పోతే కూర్చుని వైరాగ్యం గురించి ఆలోచించలేం. 1480 అయితే ఆలోచించొచ్చు.

ముందు ఒక నిజం ఒప్పేసుకుందాం. 2024 డిసెంబర్‌లో సింగపూర్‌లో గుకేశ్ ప్రపంచ చాంపియన్ అయినప్పుడు అతనికి 18 ఏళ్ళు. మన కోనేరు హంపి 2002లో, 15 ఏళ్ళకే గ్రాండ్‌మాస్టర్. లేటుగా మొదలుపెట్టినవాళ్ళు అంటూ చెప్పే పేర్లు కొన్ని ఉన్నాయి. చైనాకి చెందిన యె జియాంగ్‌చువాన్ 17 ఏళ్ళకి ఈ ఆట నేర్చుకుని గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. కానీ ఆయన అప్పటికే చైనా చదరంగంలో ఆరితేరినవాడు. హంపి పాప పుట్టాక తిరిగొచ్చి 2019లో, మళ్ళీ 2024లో 37 ఏళ్ళ వయసులో ప్రపంచ రాపిడ్ టైటిల్ గెలిచారు. చదివితే ఒళ్ళు పులకరిస్తుంది, కానీ ఆ కథ మన కథ కాదు. 26లో మొదలుపెట్టిన నాలాంటివాడు ఎంత చదివినా ఆ దరిదాపులకి వెళ్ళడు.

లెక్క కూడా అదే చెప్తుంది. రోజుకి 45 నిమిషాల చొప్పున ఏడాదికి 300 రోజులు కూర్చున్నా 225 గంటలు. రోజుకి ఆరు గంటలు కూర్చునే పిల్లాడు అది 38 రోజుల్లో పూర్తి చేస్తాడు. మన సంవత్సరం వాడికి నెలా వారం. ఈ లెక్క వేసుకున్న రోజున నాకు బాధ కంటే హాయిగా అనిపించింది. పోల్చుకోవడానికే వీల్లేని చోట అసూయకి తావుండదు.

అయితే ఆ గంటల్లో ఏం జరుగుతుంది? దీనిమీద 1973లో అమెరికాలో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ అనే ఇద్దరు చేసిన ప్రయోగం ఒకటుంది. నిజమైన ఆటలోంచి తీసిన ఒక పొజిషన్‌ని ఐదు సెకన్లు చూపించి, గుర్తున్నంత వరకు మళ్ళీ పేర్చమన్నారు. మాస్టర్ దాదాపు 16 పావులు సరిగ్గా పెట్టాడు. కొత్తగా నేర్చుకున్నవాడు నాలుగు. తర్వాత అవే పావుల్ని ఇష్టం వచ్చినట్టు చెల్లాచెదురుగా పెట్టి చూపిస్తే మాస్టర్ కూడా మామూలు మనిషైపోయాడు. అంటే వాళ్ళది ఏదో వేరే రకం జ్ఞాపకశక్తి కాదన్నమాట. మనకి అక్షరాలు కనపడేచోట వాళ్ళకి మాటలు కనపడుతున్నాయి. ఆ మాటలు ఒక్కొక్కటిగా, ఏళ్ళ తరబడి లోపలికి వెళ్ళాయి.

అందుకే నా చదువులో సగం ఎక్కాల పద్ధతి. 300 పజిల్స్ తీసుకుని, అన్నీ పూర్తయ్యాక మళ్ళీ మొదటి నుంచి అవే. మొదటిసారి నెలన్నర పట్టింది, రెండోసారి మూడు వారాలు, ఆ తర్వాత పది రోజులు. ఆక్సెల్ స్మిత్, హాన్స్ టిక్కనెన్ 2018లో రాసిన పుస్తకంలో ఈ పద్ధతికి వడ్రంగిపిట్ట పేరే పెట్టారు. ఒకే చెట్టుని పొడుస్తూనే ఉండటం. నాలుగో విడతకి వచ్చేసరికి జవాబు ఆలోచించక్కర్లేదు, చూడగానే కనపడుతుంది. అభ్యాసం గట్టిపడాలంటే చాలాకాలం, మధ్యలో తెగకుండా, శ్రద్ధగా చేయాలని యోగసూత్రాల్లో పతంజలి చెప్పింది ఇంత పొడిపొడి వ్యవహారం గురించేనేమో అనిపిస్తుంది నాకు. బయట నుంచి చూస్తే ఇందులో ఏ మహత్తూ కనపడదు. కాఫీ చల్లారిపోతూ ఉంటుంది, మనం 143వ పజిల్ దగ్గర ఉంటాం.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆశ లేకుండా ఆడటం అంటే గెలవాలనుకోకపోవడం అని కొందరు అర్థం చేసుకుంటారు. బోర్డు దగ్గర అది పనికిరాదు, పైగా మర్యాద కూడా కాదు. ఎదుటివాడు తన సాయంత్రం తెచ్చి మన ముందు పెట్టాడు. మనం అరమనసుతో ఆడితే అతనికి ఆట అనేదే దొరకదు. ఇద్దరూ గెలవాలనుకుంటేనే చదరంగం చదరంగం అవుతుంది. కురుక్షేత్రంలో కూడా అర్జునుణ్ణి గురి తప్పించి బాణం వేయమని ఎవరూ చెప్పలేదు కదా.

ఇంకో రకం వైరాగ్యం మనందరికీ బాగా తెలుసు. ఓడిపోగానే “రేటింగ్‌దేముంది, జస్ట్ నంబర్” అనడం. ఈ మాట గెలిచిన రోజు అన్నవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. గెలిచిన రోజు స్క్రీన్‌షాట్ పెడతారు. ఓడినప్పుడు మాత్రమే పుట్టే వైరాగ్యం దెబ్బకి రాసుకునే మందు. రాసుకోండి, తప్పులేదు, కానీ దాన్ని గీతతో ముడిపెట్టొద్దు.

మరి ఆశ ఎక్కడ పెట్టుకోవాలి? దీనికి నాకు సాయం చేసింది, నమ్మండి, రేటింగ్ ఫార్ములానే. ఆర్పాడ్ ఎలో అనే భౌతికశాస్త్రం ప్రొఫెసర్ దీన్ని తయారుచేశాడు, ఫిడే 1970లో తీసుకుంది. నాకంటే 200 పాయింట్లు తక్కువ ఉన్నవాడితో నేను 100 ఆటలు ఆడితే 76 పాయింట్లు వస్తాయని అది ముందే అనుకుంటుంది. ఒక ఆటకి గరిష్ఠంగా 20 పాయింట్లు కదిలే లెక్కలో, గెలిస్తే నాకు 4.8 కలుస్తాయి, ఓడితే 15.2 పోతాయి. 76 గెలిచి 24 ఓడాననుకోండి. వచ్చినవి 364.8. పోయినవి కూడా 364.8. మొత్తం సున్నా.

దీన్ని కాగితం మీద వేసి చూసుకున్నాక చాలాసేపు అలా కూర్చుండిపోయాను. రేటింగ్ నా బలాన్ని సరిగ్గానే చూపిస్తుంటే, ఎన్ని ఆటలు ఆడినా సగటున నాకు వచ్చేది సున్నా. ఎక్కువ ఆడితే పెరగదు, ఎక్కువ కోరుకుంటే అసలే పెరగదు. ఆ సంఖ్య నిన్నటి నన్ను కొలిచింది. అది తప్పవ్వాలి అంటే నేను నిన్నటివాణ్ణి కాకుండా పోవాలి. అది జరిగేది ఆటలో కాదు, పొద్దున 45 నిమిషాల్లో. జరిగిందా లేదా అన్నది వారాలు, నెలల తర్వాత ఎప్పుడో ఆ సంఖ్యకి తెలుస్తుంది. ఫలితం నా చేతిలో లేదన్న మాట నాకు ఉపదేశంగా ఎప్పుడూ సరిగ్గా ఎక్కలేదు. గుణకారంగా ఎక్కింది.

ఆటలు విశ్లేషించుకోవడంలో దీన్ని మించినది ఉంది. పద్ధతి ఏంటంటే, పెద్ద ఆట ఒకటి ఆడాక ఇంజిన్ ఆన్ చేయకుండా ప్రతి ఎత్తు దగ్గరా అప్పుడు ఏమనుకున్నామో నోట్‌బుక్‌లో రాయాలి. ఆ తర్వాతే ఇంజిన్. ఎత్తు తప్పని ఇంజిన్ చెప్తుంది. ఎందుకు తప్పిందో చెప్పదు, అది నోట్‌బుక్‌లోనే దొరుకుతుంది. మన స్థాయి ఆటల్లో ఆ “ఎందుకు” చాలాసార్లు చెస్‌కి సంబంధించింది అయి ఉండదు. తొందర, భయం, ఉచితంగా కనపడిన బంటు మీద ఆశ. అన్నిటికంటే పాతుకుపోయింది ఇంకొకటుంది: “వాడు చూడడులే.”

ఈ మూడు అక్షరాల “చూడడు” గురించి ఎంత రాసినా తక్కువే. ఎదుటివాడు సరైన జవాబు కనుక్కుంటే మన ఎత్తు కూలిపోతుందని మనకి లోపల తెలుసు. అయినా వేస్తాం, వాడు చూడకపోతే గెలుస్తాం కదా అని. ఫలితం మీద ఆశ అంటే నాకు దొరికిన అతి స్పష్టమైన ఉదాహరణ ఇదే. పని నాణ్యతని పక్కన పెట్టి, ఎదుటివాడి పొరపాటు మీద పందెం కాయడం. ఆఫీసుల్లో కూడా ఇది వినపడుతూనే ఉంటుంది, రివ్యూలో ఎవరు చూస్తారులే అని. దీనికి మందు మాత్రం చెస్‌లో చాలా కఠినం. అతను అన్నిటికంటే మంచి జవాబే ఇస్తాడని అనుకుని, దానికి కూడా నిలబడే ఎత్తు వెతకాలి. ప్రత్యర్థికి ఇంతకంటే గౌరవం ఏముంటుంది! గెలవాలన్న కోరిక అక్కడ తగ్గలేదు, చోటు మారింది.

రూక్ ఎండింగ్స్‌లో ఫిలిడోర్ పొజిషన్ అని ఒకటి ఉంది, అది నాకు చాలా ఇష్టం. ఎదుటివాడికి ఒక బంటు ఎక్కువ. మన రాజు ఆ బంటు దారికి అడ్డంగా ఉంటాడు. మన రూక్‌ని మన వైపు నుంచి మూడో వరుసలో పెట్టి, అటూ ఇటూ కదుపుతూ ఉండాలి. అంతే. ఏదో ఒకటి చేసేయాలని చేయి లాగుతుంది, చేయకూడదు. బంటు ఆ వరుసలోకి అడుగుపెట్టిన క్షణాన రూక్ బోర్డు చివరికి వెళ్ళిపోయి వెనక నుంచి చెక్‌లు ఇస్తుంది. వాళ్ళ రాజుకి దాక్కోవడానికి చోటుండదు, ఆట డ్రా. ఇందులో ఉన్న ఓపిక చేతులు ముడుచుకుని కూర్చోవడం లాంటిది కాదు. ఎప్పుడు కదలాలో పక్కాగా తెలిసినవాడే అలా ఆగగలడు.

ఒక ఊహ. ఎవరో వచ్చి, రేపట్నుంచి నీ ప్రొఫైల్‌లో 2000 కనపడుతుంది, నీ ఆట మాత్రం ఇలాగే ఉంటుంది అన్నారనుకోండి. వద్దంటాం. ఆ మాటకొస్తే వరమే అక్కర్లేదు, ఫోన్‌లో ఉచితంగా దొరికే ఇంజిన్ ప్రపంచ చాంపియన్ కంటే బలమైనది, దాన్ని చూసి ఆడితే వారంలో వస్తుంది ఆ సంఖ్య. నూటికి తొంభై మందికి ఆ ఆలోచనే అసహ్యంగా ఉంటుంది. అంటే మనకి కావలసింది సంఖ్య కాదని తేలిపోయింది. ఇప్పుడు దీన్ని తిరగేద్దాం. నీ ఆట నిజంగా 2000 స్థాయికి వెళ్తుంది, కానీ ఎప్పటికీ 1480 అనే కనపడుతుంది, ఎవ్వరికీ తెలియదు. ఇదీ ఒప్పుకోవాలి కదా, లెక్క ప్రకారం? ఒప్పుకుంటాను. కానీ వెంటనే నోరు పెగలదు. ఆ రెండు మూడు సెకన్ల తటపటాయింపు ఎంతో, నాలో ఆసక్తి ఇంకా అంత ఉంది.

ఇక అమ్మ ప్రశ్న. “దీనివల్ల ఏమొస్తుంది నాన్నా?” అమ్మది ఎగతాళి కాదు, నిజంగానే అడుగుతుంది. పెద్దవాళ్ళు ఊళ్ళో ఉన్నారు, ఫ్లాట్ లోన్ ఉంది, ఈ 45 నిమిషాల్లో ఇంకో సర్టిఫికేషన్ చదవచ్చు. మనసుకి ఏకాగ్రత వస్తుంది, ఉద్యోగానికి ఉపయోగపడుతుంది అని చెప్పొచ్చు. చెప్పను, ఎందుకంటే చెస్‌లో నేర్చుకున్నది చాలావరకు చెస్‌లోనే ఉండిపోతుందని నా అనుభవం. పైగా అలా చెప్తే దొడ్డిదారిన మళ్ళీ ఫలితమే చూపిస్తున్నట్టు. ఈ సమయం ఎవరిది అన్న ప్రశ్నకి మాత్రం జవాబు ఉండాలి. నేను దాన్ని రాత్రి రీల్స్ నుంచి తీసుకున్నాను, ఆదివారం అమ్మతో మాట్లాడే గంటలోంచి కాదు. ఆ గీత దాటితే సాధన అనే పేరు పెట్టినా అది స్వార్థమే.

మొన్న వేసవిలో విజయవాడలో రెండు రోజుల టోర్నమెంట్‌కి పేరిచ్చాక నాన్నకి కంటి ఆపరేషన్ అదే శనివారం పడింది. టోర్నమెంట్ మానేశాను, అందులో ఆలోచించడానికి ఏమీ లేదు. ఆలోచించాల్సింది ఆ తర్వాత ఉంది. ఆపరేషన్ థియేటర్ బయట కుర్చీలో కూర్చున్న 40 నిమిషాల్లో ఫోన్ తీసి నా సెట్‌లో పజిల్స్ చేశాను. అది అభ్యాసమా, ఆసక్తా? చేతిలో ఇంకే పనీ లేదు, నాన్న లోపల ఉన్నారు, మనసు గాలిలా కొట్టుకుంటోంది. 61, 62, 63. నర్సు పిలిచినప్పుడు 64 దగ్గర ఉన్నాను. అది ఇంతవరకు చేయలేదు. ఈ విడతలో దాని వంతు బహుశా గురువారం వస్తుంది.